తాళాల గుత్తికి ఒక పనిముట్టు

బదిలీ మీద వచ్చి కొత్త క్వార్టర్‌లో దిగిన మొదటి రాత్రి ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. అట్టపెట్టెల టేపు కోయడానికి కత్తెర కావాలి. ఆ కత్తెర వాటిలోనే ఏదో ఒక పెట్టెలో ఉంటుంది. బల్ల కాళ్లు బిగించడానికి స్క్రూడ్రైవర్ కావాలి. అది ఇంకో పెట్టెలో. పక్కింట్లో అడుగుదామంటే వాళ్ల పేరు తెలియదు, ఏ భాషలో అడగాలో అంతకన్నా తెలియదు.

మూడో బదిలీలో ఈ బాధ పడలేక వారపు సంతలో నూటయాభై రూపాయలు పెట్టి ఒక చిన్న పనిముట్టు కొన్నాం. వేలెడంత ఉంటుంది. మడిచిపెట్టిన చిన్న కత్తి, కత్తెర, గోళ్ల ఆకురాయి, చదును మొన ఉన్న స్క్రూడ్రైవర్, సీసా మూత తీసే కొక్కెం. తాళాల గుత్తికి తగిలించేశాం. "ఇంత చవకది ఎన్నాళ్లుంటుంది?" అని బంధువులు నవ్వారు. చవకది కాబట్టే పనికొచ్చిందని మా అభిప్రాయం. వేలు పోసి కొన్నదైతే ఎక్కడ పోతుందోనని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లం.

ఇలాంటివాటికి పేరు తెచ్చిన దేశం స్విట్జర్లాండ్. కార్ల్ ఎల్సెనర్ 1891లో ఆ దేశ సైన్యానికి అందించడం మొదలుపెట్టిన మడతకత్తిలో దబ్బనంలాంటి మొన, డబ్బా మూత కోసేది, స్క్రూడ్రైవర్ కూడా ఉండేవి. సైనికుడు తన రైఫిల్‌ను విప్పుకోవడానికి ఆ స్క్రూడ్రైవర్. అయితే మన ఇళ్లలో అంతకన్నా పాతది ఒకటుంది: అమ్మమ్మ గాజులకు వేలాడే పిన్నీసు. దానికి అమెరికాలో వాల్టర్ హంట్ పేటెంటు పొందింది 1849లో. కాలిలో ముల్లు తీయాలన్నా, లంగాకు బొందు ఎక్కించాలన్నా, ప్రయాణంలో చెప్పు పట్టీ తెగినా అమ్మమ్మ చేయి గాజుల మీదికే పోయేది. పెట్టె వెతకడం ఆవిడకు తెలియదు.

ఈ చిన్నదానితో అన్నీ అయిపోతాయని అనుకోకండి. ఒకసారి కుక్కర్ పిడి వదులైంది. దాని స్క్రూకు ప్లస్ గాడి ఉంది. మా చదును మొనను అందులో బలవంతాన దూర్చి తిప్పాం. గాడి అరిగిపోయి అటూ కాకుండా ఇటూ కాకుండా కూర్చుంది. కుక్కర్లు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్తే ఆయన మమ్మల్ని చూసి కాదు, స్క్రూను చూసి జాలిపడ్డాడు. పైగా దీని పిడి పొట్టిది, తిప్పే బలం తక్కువ. పదకొండో తరగతివాళ్లు దీన్నే టార్క్ అని చదువుతారు. మంచం బోల్టులకు స్పానర్ ఉండాల్సిందే. స్విచ్‌బోర్డు జోలికి అసలే పోకూడదు.

"పిల్లలకు కత్తి గురించి రాస్తారా?" అని స్టాఫ్‌రూమ్‌లో అడిగారు. కత్తి బడికి తేకూడదు, అందులో వాదనే లేదు. కానీ ఇంట్లో, పెద్దవాళ్ల ఎదుట, కాస్త ఎదిగిన పిల్లల చేతికి ఇవ్వాలనే మేమంటాం. వంటింట్లో కూరగాయల కత్తి దీనికి నాలుగింతలు ఉంటుంది, దాని గురించి ఎవరూ అడగరు. పన్నెండో తరగతి పూర్తయ్యి, హాస్టల్‌కు వెళ్లాక కళ్లజోడు స్క్రూ ఊడితే ఇంటికి ఫోను చేసిన పిల్లలున్నారు మా దగ్గర.

అస్సాంలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం పక్కింటి అబ్బాయి సైకిల్ బెల్లు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మాకు అస్సామీ రాదు, వాడికి హిందీ అంతంతమాత్రం. స్క్రూ తిప్పుతున్నట్టు వేళ్లతో చూపించాడు. పనిముట్టు వాడికే ఇచ్చి, ఎటు తిప్పితే బిగుస్తుందో చూపించాం. రెండుసార్లు వదులు చేసి మూడోసారి బిగించాడు. మర్నాడు వాళ్లమ్మ గిన్నెలో పిఠాలు పంపింది. ఆ గిన్నె తిరిగివ్వడానికి వెళ్లినప్పుడు తెలిసింది వాళ్ల పేరు.

ఆ పనిముట్టు ఇప్పుడు మా దగ్గర లేదు. విమానంలో చేతి సంచితో కత్తిని ఎక్కనివ్వరు. పెద్ద సామానులో వేయాలి. మేం మరిచిపోయి తాళాలతోపాటు తనిఖీ దాకా తీసుకెళ్లి, అక్కడే వదిలేసి వచ్చాం. ఈ ఊళ్లో దిగిన వారానికి మళ్లీ అలాంటిదే కొన్నాం. దీని కత్తెర పాతదానికన్నా కొంచెం బాగానే తెగుతోంది.