నెట్టు పోతే జీతం కోతా?

జగిత్యాల దిక్కు మా చుట్టాల ఊళ్లె ఒక ఇల్లుంది. ముందరి అర్రల తల్లి ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతది. అదే అర్రల మూలకు బిడ్డ ల్యాప్‌టాప్ ముందర కూసుంటది. డిగ్రీ చదివిన పిల్ల, హైదరాబాద్‌ల ఒక కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తది. వానకాలం గాలిదుమారానికి స్తంభం ఒరిగి కేబుల్ తెగింది. ఫోన్ పట్టుకొని డాబా ఎక్కింది. సిగ్నల్ గీత ఒకటి వస్తది, పోతది. రెండు గంటలు లాగిన్ తప్పింది. నెలాఖరుకు చూస్తే సగం రోజు జీతం కోత! అడిగితే వచ్చిన జవాబు ఒక్కటే: "నెట్ చూసుకునే బాధ్యత మీదే. చేరిననాడు సంతకం పెట్టిండ్రు."

ఇదెక్కడి న్యాయం? ఆ స్తంభం ఆ పిల్ల పాతిందా? గాలిదుమారాన్ని ఆ పిల్ల పిలిచిందా?

ఇదే పిల్ల మాదాపూర్ ఆఫీసుల కూసున్నప్పుడు నెట్టు పోయిందనుకుందాం. అందరు లేచి చాయ్ తాగొస్తరు. నెట్టు పోయిందని ఎవరి జీతమూ కొయ్యరు. అక్కడ రెండో లైను, యూపీఎస్, జనరేటర్ అన్నీ యజమాని ఖర్చే. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పడ్డంక పని ఇంటికి వచ్చింది. దాంతోపాటు కిరాయి, కరెంటు బిల్లు, కుర్చీ, నెట్టు ఖర్చు కూడా ఉద్యోగి నెత్తిన వచ్చి పడ్డయి. మిగిలిన పైసలు మాత్రం కంపెనీ ఖాతాలోనే ఉన్నయి. అదే ఏడు నవంబర్‌ల కేంద్ర టెలికాం శాఖ కాల్ సెంటర్లకు, బీపీఓలకు నిబంధనలు సడలించి ఇంటి పనికి తలుపులు తెరిచింది. యజమానికి సౌలత్ చేసిన సర్కారు, నెట్టు బిల్లు ఎవరు కట్టాలన్న ముచ్చటే ఎత్తలేదు.

ఇంటి నుంచి పని మనకు కొత్తనా? ఆ తల్లి ఎన్నేండ్ల నుంచి చేస్తున్నది అదే కాదా? కంపెనీ ఇచ్చిన ఆకు తక్కువ పడితే సొంత పైసలతో కొనుక్కొని లెక్క అప్పజెప్పిన బతుకు ఆమెది. ఆమెకు కనీసం 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఉండేది. ఇంట్ల కూసుండి చుట్టినా నువ్వు కార్మికురాలివే అని ఆ చట్టం చెప్పింది. మరి బిడ్డకేది? తల్లి ఆకు కొన్నట్టే బిడ్డ డేటా కొంటున్నది. సదువు మారింది గని దోపిడీ మారలేదు.

"కస్టమర్ ఆగడు, ఇంటి పని అడిగింది మీరే" అంటరు. నిజమే, కస్టమర్ ఆగడు. అట్లయితే రెండో కనెక్షన్ మీరే ఇయ్యాలె. "నెట్టు పోయిందని అబద్ధాలాడుతరు" అంటరు. ఆడేటోళ్లు ఉంటే ఉండొచ్చు. నెట్టు కంపెనీకి ఇచ్చిన ఫిర్యాదు నంబరు అడుగుండ్రి, తేలిపోతది. ఒక్కడు ఆడిన అబద్ధానికి అందరి బువ్వ గుంజుకుంటరా?

సర్కారు సంగతి చూద్దాం. ప్రతి గ్రామ పంచాయతీకి ఆప్టికల్ ఫైబర్ వేస్తమని 2011లో ఆమోదించిండ్రు. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు పెట్టిండ్రు. పల్లెలకు ఫోన్లు, నెట్టు అందించేందుకే టెలికాం కంపెనీల సవరించిన ఆదాయంల 5 శాతం సర్కారు వసూలు చేస్తది. ఆ పైసలు మన రీచార్జుల నుంచి వచ్చినవే. అయినా మా చుట్టాల ఊళ్లె పంచాయతీ ఆఫీసు దాటి తీగ ఇంటికి రాలేదు. 2023లో సర్కారే బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 మెగాబిట్ల వేగం అని లెక్క కట్టింది. కంపెనీ కాగితంల మాత్రం 50 ఉండాలట! సర్కారు ఇయ్యలేనిది, యజమాని కొననిది, ఓ బీడీ కార్మికురాలి బిడ్డ ఎక్కడికెళ్లి తెస్తది?

పోర్చుగల్ అనే చిన్న దేశం 2021ల చట్టం మార్చింది. ఇంటి నుంచి పని చేస్తే అదనంగా పడే కరెంటు, నెట్టు ఖర్చు యజమానే కట్టాలన్నది. అక్కడ అయ్యేది ఇక్కడెందుకు కాదు?

మనం అడిగేది బిచ్చం కాదు. నెట్టు ఖర్చు, అది పోతే వాడుకునే రెండో దారి ఖర్చు కంపెనీలే భరించాలె. ఉద్యోగి తప్పు లేకుండ నెట్టు పోతే జీతం కొయ్యొద్దు, మార్కులు తగ్గియ్యొద్దు. పోయిన వెంటనే చెప్పుడు, ఫిర్యాదు చేసుడు ఉద్యోగి బాధ్యత. అంతవరకే. ఈ మాట చట్టంల రాయాలె.

ఒకనాడు వెట్టిల బండి మనది, ఎడ్లు మనయి, పని దొరది. ఇయ్యాల గది మనది, కరెంటు మనది, నెట్టు మనది, పని కంపెనీది. బండి ఇరుసు విరిగితే కూడ తప్పు మనదే అంటే, దాన్ని ఉద్యోగం అందామా, వెట్టి అందామా?