కుండ మీద చెయ్యి, టీవీ మీద చెవి

టీవీ సీరియళ్ళు ఆడవాళ్ళని సోమరుల్ని చేస్తున్నాయట! ఈ మాట వినపడని సాహిత్య సభ లేదు. అనేవాళ్ళలో చాలామంది రాత్రి తొమ్మిదింటికి వార్తల ఛానల్ ముందు కూర్చుని, నలుగురు అరుచుకుంటుంటే అన్నం తినే మగవాళ్ళే. వాళ్ళది లోకజ్ఞానం, మనది కాలక్షేపం.

నేను ఆత్రేయపురానికి పరాయిదాన్ని. పుట్టి పెరిగింది వరంగల్‌లో. స్నేహితురాలింట్లో కొన్నాళ్ళుందామని వెళ్ళి, ఆ ఊళ్ళో పూతరేకులు తీసే ఇళ్ళలో టీవీ ఎలా నడుస్తుందో చూశాను. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకు మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని రెండు చేతులా పట్టుకుని కుండ మీద లాగాలి. క్షణంలో రేకు లేస్తుంది. చూపు పక్కకి పోతే రేకు మాడుతుంది, లేదా చెయ్యి కాలుతుంది. మంట ఎగదోస్తూ, పొగ మింగుతూ గంటలకొద్దీ అదే పని. టీవీ మాత్రం లోపల గదిలో మోగుతూనే ఉంటుంది.

"ఏ సీరియల్ చూస్తారు పిన్నిగారూ?" అని ఒకావిడని అడిగాను. "చూసేదెక్కడమ్మా, వినడవే!" అన్నారు. ఒకే మొహాన్ని మూడుసార్లు చూపించి మూడుసార్లు ఢమఢమ మోగిస్తారని మనం నవ్వుకుంటాం. ఆ మోతకే ఆవిడ తలెత్తి, ఎవరి కొంప మునిగిందో చూసి, మళ్ళీ కుండ వైపు తిరుగుతారు. సోమరితనం అంటే ఇదేనా?

అలాగని నేను సీరియళ్ళని వెనకేసుకు రావడం లేదు. నా ఫిర్యాదు వేరు. 1930లలో అమెరికా రేడియోలో, ఇంటిపని చేసుకునే ఆడవాళ్ళ కోసం సబ్బుల కంపెనీలు ధారావాహికలు నడిపించాయి. వాటికి సోప్ ఒపేరా అన్న పేరు అలాగే వచ్చింది. మనం ఏ వేళ ఏ పనిలో ఉంటామో ఈ వ్యాపారానికి మొదటినుంచీ తెలుసు. ఆ పని మాత్రం కథలోకి రాదు.

వచ్చినా ఎలా వస్తుంది? 2017 నుంచి 2023 దాకా, పదిహేను వందల పైచిలుకు ఎపిసోడ్లు నడిచిన 'కార్తీక దీపం' చూడండి. మొగుడు అనుమానించిన దీప వంటలు చేసి పిల్లని పెంచింది. జనం ఆమెని ప్రేమగా వంటలక్క అన్నారు. కానీ కథ నడిచిందంతా ఆ గరిటె మీద కాదు, పిల్లలు తన బిడ్డలేనని డాక్టరు బాబు ఎప్పుడు నమ్ముతాడన్న దాని మీద. సొంత సంపాదనతో నిలబడ్డ మనిషికి, అన్నేళ్ళూ శీలపరీక్షే జీవితం అయింది. ఆమె పని కష్టాలకి గుర్తుగా మిగిలింది తప్ప, నైపుణ్యం అనిపించుకోలేదు.

ఆడవాళ్ళ పనిలో కథ ఉండదనేవాళ్ళకి, 2003లో కొరియాలో వచ్చిన 'దే జాంగ్ గమ్' జవాబు చెబుతుంది. రాజుగారి వంటశాలలో పనిచేసి, చివరికి రాజవైద్యురాలైన స్త్రీ కథ అది. రుచి పసిగట్టడం, దినుసు ఎంచుకోవడం, పని నేర్పే గురువమ్మ, పనిలో పోటీ - ఇవన్నీ అందులో నాటకీయ ఘట్టాలే. దేశదేశాల్లో జనం దాన్ని కళ్ళార్పకుండా చూశారు.

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఊరి పేరుకి గుర్తింపు దొరికింది. మరి ఆ చేతులకి? రేకు ఎంత పల్చన వస్తే అంత పనితనం. ఆ పనితనం ఎవరు ఎవరికి నేర్పారు, రేకులకి ధర ఎవరు కడతారు, ఆ డబ్బు ఎవరి చేతిలో పడుతుంది - ఇందులో వందల ఎపిసోడ్లున్నాయి. అత్త విషం కలపనక్కర్లేదు.

కాబట్టి, ఆడవాళ్ళు టీవీ కట్టెయ్యాలని సలహా ఇచ్చే పెద్దలారా, ముందు వెళ్ళి కాసేపు ఆ పొయ్యి ముందు కూర్చోండి. సీరియళ్ళు తీసేవాళ్ళకి నేను చెప్పేదొక్కటే. మా చెవులు మీకిచ్చాం. మా చేతుల్ని చూపించండి.