పాపంలో వాటాదారులు

లంచం పుచ్చుకున్నవాణ్ణి దూషించడం ఎంత సులభం! దూషించినంతనే మన నిర్దోషిత్వం రుజువైపోయిందనే భ్రాంతి ఎంత మధురం! 1872లో, అధ్యక్ష ఎన్నికల వేళ, న్యూయార్క్ ‘సన్’ పత్రిక క్రెడిట్ మొబిలియే బాగోతాన్ని బట్టబయలు చేసినప్పుడు అమెరికన్ సమాజం ఈ మాధుర్యాన్నే తనివితీరా ఆస్వాదించింది.

ఏమిటా బాగోతం? యూనియన్ పసిఫిక్ రైలుమార్గానికి ప్రభుత్వం భూములిచ్చింది, బాండ్ల రూపంలో అప్పు ఇచ్చింది. ఆ కంపెనీ పెద్దలే క్రెడిట్ మొబిలియే అనే మరో సంస్థను చేజిక్కించుకుని, నిర్మాణ కాంట్రాక్టు తమకు తామే ఇచ్చుకుని, ఖర్చు పెంచి రాసి లాభాలు మూటగట్టుకున్నారు. మరి ఎవరూ ప్రశ్నించకుండా ఉండాలి కదా! మసాచుసెట్స్ ప్రతినిధి ఓక్స్ ఏమ్స్ 1867-68లో కాంగ్రెస్‌లోని తోటి సభ్యులకు ఆ వాటాలను కారుచౌకగా అమ్మాడు. చేతిలో రొక్కం లేనివారికి డివిడెండ్లలోంచే ధర మినహాయించుకునే వెసులుబాటూ కల్పించాడు. ఇంతటి ఔదార్యాన్ని లంచమనడానికి వారికి నోరు రాలేదు. 1873 ఫిబ్రవరిలో ప్రతినిధుల సభ ఏమ్స్‌నూ, మరో సభ్యుడు జేమ్స్ బ్రూక్స్‌నూ గర్హించి ఊరుకుంది. పుచ్చుకున్నవారిలో అత్యధికులకు ఆ మందలింపైనా దక్కలేదు. 329 డాలర్లు అందుకున్నాడన్న ఆరోపణను తోసిపుచ్చిన జేమ్స్ గార్‌ఫీల్డ్‌ను 1880లో ప్రజలు అధ్యక్షుణ్ణే చేశారు.

రోగమూలం శాసనసభలోనే ఉందా? కాదు, ఓటు వేసే ప్రతి వీధిలోనూ ఉంది. గెలిచిన పక్షం కొలువులు తనవారికి పంచిపెట్టాలి, కొలువు దక్కినవాడు జీతంలో కొంత పార్టీకి సమర్పించుకోవాలి: ఇదీ ఆనాటి ఆచారం. సిఫారసు రాసిన పెద్దమనిషి, దాన్ని మోసుకెళ్లిన బంధువు, చూసీ చూడనట్లున్న పొరుగువాడు, వీరిలో వాటాదారు కానిదెవరు? ఎన్నికల్లో ఒక ప్రసంగపాఠం అచ్చువేసిన పుణ్యానికి పారిస్ కాన్సల్ పదవి తనకే రావాలనుకున్న చార్లెస్ గిటో, 1881 జూలై 2న గార్‌ఫీల్డ్‌ను తుపాకీతో కాల్చాడు. సెప్టెంబరు 19న అధ్యక్షుడు మరణించాడు. గిటోది ఉన్మాదమే, సందేహం లేదు. కానీ ‘సేవ చేశాను, కొలువివ్వండి’ అన్న వాదాన్ని ఆ ఉన్మాదికి ఎవరు నేర్పారు?

మనం వేరా? మనవాడికి దక్కితే ప్రతిభ, పరాయివాడికి దక్కితే పక్షపాతం! మనమిచ్చే కానుక మర్యాద, ఎదుటివాడిచ్చేది లంచం! శీలం లేని నాయకుణ్ణి శీలం లేని పౌరులం గాక మరెవరు కన్నారు? ఇంట్లో పిల్లవాడికి అడ్డదారి చూపించి, అదే నోటితో వీధిలో రాజమార్గాన్ని స్తుతించే మనకు ధర్మాగ్రహం ప్రకటించే అర్హత ఎక్కడిది?

అయినా నేను నిరాశను అంగీకరించను. గార్‌ఫీల్డ్ తర్వాత గద్దెనెక్కిన చెస్టర్ ఆర్థర్ ఎవరు? ఆ పంపిణీ వ్యవస్థ పెంచిన మనిషి. న్యూయార్క్ కస్టమ్స్ కలెక్టరుగా ఉండగా 1878లో అధ్యక్షుడు హేస్ చేత తొలగింపబడినవాడు. అతడికి జూలియా శాండ్ అనే రోగపీడిత ఒక ఉత్తరం రాసింది. పదవి లేదు, పరిచయం లేదు, ఓటు హక్కు సైతం లేదు. ఉన్నది నిర్భీతి. నీ గతం నీ విధి కాదు, సంస్కరణకు పూనుకో అని మందలించింది. ఆపైన ఎన్నో ఉత్తరాలు రాసింది. ఆర్థర్ స్వయంగా ఆమె ఇంటికి వెళ్లాడు. ఆ లేఖలే అతణ్ణి మార్చాయని నిరూపించమంటే నిరూపించలేం. కొలువులు సిఫారసుతో కాక పరీక్షతో దక్కాలన్న పెండిల్టన్ చట్టంపై 1883 జనవరి 16న సంతకం చేసినది మాత్రం ఆ చెయ్యే.

చట్టానికి ఓటేసినవారందరూ మహాత్ములా? కాదు. ఓటమి భయంతో తమవారి కొలువులు భద్రపరచుకోజూసినవారూ ఉన్నారు. మొదట అది పదోవంతు ఉద్యోగాలకే వర్తించింది. తర్వాతి అధ్యక్షులు గద్దె దిగిపోతూ, తాము నియమించినవారి రక్షణకోసం దాన్ని విస్తరించారు. ఉద్దేశం మలినమైతే కానివ్వండి! సంస్కర్తలు ఏళ్ల తరబడి అడిగి అడిగి తెరిపించిన ఆ తలుపులోంచి, ఏ నాయకుడి సిఫారసూ లేని స్త్రీలూ, నల్లజాతి యువకులూ పరీక్ష రాసి కొలువుల్లోకి నడిచారు.