మనోళ్లెవరు?

మా ఇంట్లో ఫుట్‌బాలు చూడడం ఇంచుమించు దొంగతనం లాంటి పని. ఇంగ్లండులో దీపాలు పెట్టి ఆట మొదలుపెట్టే వేళకు కరీంనగరంలో అర్ధరాత్రి దాటుతుంది. ఇంట్లో అందరూ పడుకున్నాక నేనూ మా మనవడూ టెలివిజను గొంతు పూర్తిగా తగ్గించి, లైటు ఆర్పి కూర్చుంటాం. గోలు పడితే అరవడానికి లేదు. ఒకరి మోకాలు ఒకరం గిల్లుకుని ఊరుకుంటాం. పన్నెండేళ్ల వాడికి అది సరదా, అరవై దాటిన నాకు అది వ్యసనం. మా ఆవిడ దృష్టిలో ఈ రెంటికీ పెద్ద తేడా లేదు.

మొన్న ఒక రాత్రి మా అమ్మ మంచినీళ్లకని లేచింది. ఎనభై మూడేళ్ల మనిషి. గడప దగ్గర నిలబడి కాసేపు చూసింది. ఎర్ర చొక్కాల వాళ్లు, నీలం చొక్కాల వాళ్లు పచ్చిక మీద పరుగులు పెడుతున్నారు.

"వీళ్లల్ల మనోళ్లెవరురా?" అంది.

నేను మనవడి ముఖం చూశాను. వాడు నా ముఖం చూశాడు.

"ఎవరూ కాదమ్మా" అన్నాను చివరికి.

"మనోళ్లు ఎవరూ లేకుంటే ఇగ నిద్ర చెడగొట్టుకునుడు దేనికి బిడ్డా?" అని నీళ్లు తాగి వెళ్లి పడుకుంది. ఆ తరవాత ఆట ఎవరు గెలిచారో నాకు సరిగా జ్ఞాపకం లేదు.

క్రికెట్టు అభిమానికి ఈ బాధ లేదు. మన జట్టు గెలిస్తే వీధి వీధంతా టపాకాయలు కాలుస్తుంది. ఓడితే చాయ దుకాణం దగ్గర పదిమంది కలిసి తిట్టుకోవచ్చు. దుఃఖం పంచుకుంటే సగమవుతుందంటారు కదా! ఫుట్‌బాలు అభిమాని సంగతి వేరు. పొద్దున్నే చాయ దుకాణానికి పోయి, "రాత్రి ఆఖరి నిమిషంలో గోలు పడింది" అంటే, "ఎవరింట్ల గోల సారూ?" అని అడిగేవాళ్లే అంతా. రాష్ట్ర రాజధానిలో ఆట చూడాలన్నా కరీంనగరం నుంచి నూటఅరవై కిలోమీటర్ల పైమాట. ఆదిలాబాదు వాళ్లకైతే మూడువందలు. వాళ్లకు హైదరాబాదు కంటే నాగపూరే దగ్గర. మాకు అభిమానం ఉంది, నిద్ర మానుకునే ఓపిక ఉంది. లేనిదల్లా జట్టే.

అయినా మా అమ్మ ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. ఈ ఇంట్లో ఒకప్పుడు ఆ ప్రశ్నకు జవాబు ఉండేది.

మా బాపు హైదరాబాదులో ఉర్దూ మాధ్యమంలో చదువుకుని, ఆదిలాబాదు జిల్లాలో పంతులుగా చేరాడు. ఆయనకు రెండే రెండు భక్తులు. ఒకటి వేములవాడ రాజన్న మీద, రెండోది హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాలు టీము మీద. ఏది ముందు, ఏది వెనుక అని అడిగితే ఆయన జవాబు చెప్పేవాడు కాదు.

ఆ టీము అటువంటిది మరి. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఎత్తుకొచ్చింది. ఢిల్లీలో డ్యూరాండ్ కప్పును 1950లోనూ 1954లోనూ గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బుల పేర్లు చెబితే దేశం వణికే రోజుల్లో, పోలీసు డ్యూటీలు చేసుకునే కుర్రవాళ్లు వెళ్లి వాళ్లను ఓడించి వచ్చేవారు. అప్పటికి కరీంనగరం, ఆదిలాబాదు జిల్లాలు హైదరాబాదు రాష్ట్రంలోనివి. కాబట్టి ఆ పదకొండు మందీ చట్టప్రకారం కూడా మనోళ్లే! 1956 నవంబరులో ఆ రాష్ట్రం పోయింది. బాపు లెక్కలో మాత్రం టీము మారలేదు. ఆ తరవాత రెండేళ్లు వరసగా సంతోష్ ట్రోఫీ హైదరాబాదు పేరుమీదనే వచ్చిందని గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ టీముకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన కూడా మొదట్లో బడిపంతులే. బాపుకు ఆయన మీద అంత ప్రేమ కలగడానికి సగం కారణం అదే. బంతిని ఎక్కువసేపు కాళ్ల దగ్గర పెట్టుకోకుండా వెంటనే పక్కవాడికి అందించాలనీ, రెండు కాళ్లూ సమానంగా పని చెయ్యాలనీ రహీం సాబ్ పాఠం. ఒంటరిగా బంతిని లాక్కుపోవడం నిషేధమని నియమం పెట్టి పోటీలు కూడా ఆడించాడట. "నా బళ్లె కూడ గదే నియమం. ఒక్కనికి వస్తే సాలదు, పక్కోనికి రావాలె" అనేవాడు బాపు.

రహీం శిక్షణలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆసియా జట్టు ఒకటి ఒలింపిక్ సెమీఫైనలు దాకా పోవడం అదే మొదటిసారి. అందులో నూర్ మహమ్మదు, అజీజుద్దీను, తులసీదాస్ బలరాం మన హైదరాబాదు నేల మీద ఆడినవాళ్లు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను రెండు ఒకటి గోళ్లతో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చారు. ఆ మర్నాడు బాపు బడి పిల్లలందరికీ పుట్నాలూ బెల్లం పంచాడట. మా అమ్మకు ఫుట్‌బాలు గురించి తెలిసింది ఆ ఒక్క ముక్కే. "మీ బాపు గెల్చినట్టే పంచిండు" అంటుంది ఇప్పటికీ. రహీం సాబ్ అప్పటికే పెద్ద జబ్బుతో ఉన్నాడు. 1963 జూనులో పోయాడు. 2024లో ఆయన మీద 'మైదాన్' అని హిందీ సినిమా వచ్చిన తరవాతగాని చాలామందికి ఆ పేరు తెలియలేదు.

బలరాం సంగతి కొంచెం చెప్పాలి. సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టినవాడు. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్లిపోయాడు. 1960 రోము ఒలింపిక్సులో హంగరీ మీదా పెరూ మీదా గోళ్లు కొట్టాడు. తిరిగి వచ్చి ఇక్కడ స్థిరపడనే లేదు. 2023 ఫిబ్రవరిలో బెంగాలులోనే కన్నుమూశాడు. ఆయన వెళ్లిన రోజునుంచీ బాపు కలకత్తా వార్తలు కూడా చదవడం మొదలుపెట్టాడు. కొడుకు పరాయి దేశం పోతే తల్లిదండ్రులు ఆ దేశం వానల గురించి కూడా విచారిస్తారు చూడండి, అలాగ.

ఈ ఈస్ట్ బెంగాలు కథ విచిత్రమైనది. 1920లో పుట్టిన క్లబ్బు. 1947లో దేశం ముక్కలైనప్పుడు తూర్పు బెంగాలు నుంచి ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చిన లక్షల మందికి ఆ పేరులో తమ ఊరు కనిపించింది. ఊరు పోయింది, జట్టు మిగిలింది వాళ్లకు. ఊరు ఉండి జట్టు లేనివాళ్లం మేము.

రహీం సాబ్ పోయిన తరవాత హైదరాబాదు ఆట మెల్లిగా చల్లారింది. 1965లో ఆంధ్రప్రదేశ్ పేరుమీద సంతోష్ ట్రోఫీ ఒకసారి వచ్చింది. అంతే. నా చిన్నతనానికి బాపు కథలే మిగిలాయి. 1986లో దూరదర్శను పుణ్యమా అని మారడోనా మా వీధిలోకి వచ్చాడు. ఆ రోజునుంచి నేను అర్జెంటీనా వాణ్ణి. అర్జెంటీనాకు ఆ సంగతి తెలియదు, అది వేరే విషయం.

ఇలా ముప్ఫై ఏళ్లు పైగా పరాయివాళ్ల పెళ్లిలో వడ్డన చూసి సంతోషించినట్లు బతికాక, 2019లో హైదరాబాదుకు మళ్లీ ఓ పెద్ద జట్టు వచ్చింది. పేరు హైదరాబాదు ఎఫ్.సి. పసుపు చొక్కాలు. ఇండియన్ సూపర్ లీగులో మొదటి ఏడాది అట్టడుగున ఉన్నారు. మాకేం పట్టింది? ఓడినా మనోళ్లు! 2022 మార్చి 20న గోవాలో ఫైనలు. కేరళ వాళ్ల మీద ఒక గోలు వెనకబడి, చివరి నిమిషాల్లో సమం చేసి, పెనాల్టీల దగ్గర మూడు ఒకటితో గెలిచారు. గోలుకీపరు కట్టిమణి మూడు ఆపాడు. ఆ రాత్రి టెలివిజను గొంతు తగ్గించలేదు. మా ఆవిడ కూడా ఏమీ అనలేదు. అప్పటికి ఎనిమిదేళ్ల మనవడికి మర్నాడే పసుపు చొక్కా కొన్నాను. ఆ ఏడాది చివర వాణ్ణి వెంటబెట్టుకుని బస్సెక్కి గచ్చిబౌలిలో ఒక ఆట కూడా చూసి వచ్చాను. ఇల్లు చేరేసరికి తెల్లవారుజామున మూడయింది. వాడు నా ఒళ్లో నిద్రపోతూ కూడా చొక్కా విప్పనివ్వలేదు.

ఆ తరవాతిది మీరు పత్రికల్లో చదివే ఉంటారు. 2023-24లో డబ్బు ఇబ్బందులు వచ్చాయి. ఆటగాళ్లు ఒకరి తరవాత ఒకరు వెళ్లిపోయారు. జట్టు మళ్లీ అట్టడుక్కి చేరింది. 2024లో యాజమాన్యం మారింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

"తాతా, ఇప్పుడు వాళ్లు మనోళ్లేనా?" అని అడిగాడు మనవడు.

ముత్తవ్వ అడిగిన ప్రశ్న వాడు అప్పటికే అడిగి ఉన్నాడన్నమాట! మొదట నాకు కోపమే వచ్చింది. ఇంటి సామాను లారీకెక్కించినట్లు జట్టును ఎక్కించుకుపోవడమేమిటని. పోలీసు టీముకు అటువంటి భయం లేదు. దాన్ని కొనేవాడూ లేడు, అమ్మేవాడూ లేడు. కాని ఏ మాట కా మాటే చెప్పుకోవాలి. 2019లో ఆ జట్టు మనకెలా వచ్చింది? పూణెలోని జట్టు మూతపడితే ఆ ఖాళీలో వచ్చింది. అంటే మా వాడు పసుపు చొక్కా తొడుక్కుని గంతులు వేస్తున్నప్పుడు, పూణెలో ఎవరో ఒక తాత తన మనవడికి జవాబు చెప్పలేక కూర్చుని ఉండాలి. అది ఆ రోజు నాకు తోచలేదు. మనది పోతేగాని ఎదుటివాడిది పోయిన సంగతి తెలియదు కాబోలు.

లండన్లో వింబుల్డన్ అనే పేట ఉంది. టెన్నిసు వల్ల మనకు తెలిసిన పేరే. అక్కడి ఫుట్‌బాలు క్లబ్బును దూరపు ఊరికి తరలించడానికి 2002లో అనుమతి ఇచ్చారు. అభిమానులు ఏడ్చి ఊరుకోలేదు. అదే ఏడు సొంతంగా కొత్త క్లబ్బు పెట్టుకుని, అడుగు మెట్టు నుంచి ఆడుతూ, 2011కల్లా పెద్ద లీగులోకి ఎక్కారు. 2020లో తమ పేటకే, పాత వీధిలో కట్టుకున్న కొత్త స్టేడియానికి తిరిగి వచ్చారు. ఈ కథ మనవడికి చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "మనం కూడ పెడుదామా తాతా?" అన్నాడు. పింఛను డబ్బుతో క్లబ్బు పెట్టడం ఎలాగో ఆలోచిస్తుండగానే మా ఆవిడ కూరగాయల సంచి చేతికిచ్చి బజారుకు పంపింది.

2025 డిసెంబరులో మెస్సీ అంతవాడు హైదరాబాదు వచ్చాడు. ఉప్పల్ స్టేడియం నిండిపోయింది. ఒక సాయంత్రం ఉండి వెళ్లిపోయాడు. సొంత జట్టు వెళ్లిపోయిన ఏడాదే అంత జనం! అభిమానానికి ఈ నేల మీద కొదవ లేదని దానితో తెలిసింది. అభిమానం ఎప్పుడూ దూరం నుంచి వచ్చేవాళ్ల కోసమే ఎదురుచూస్తుందని కూడా తెలిసింది.

మరి దగ్గర ఎవరూ లేరా? నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య ఉంది. భారత మహిళల జట్టుకు ఆడుతుంది. 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. తరవాత ఈస్ట్ బెంగాల్ మహిళల జట్టుకు ఆడింది. బలరాం వెళ్లిన క్లబ్బే! ఆ అమ్మాయి చిన్నప్పుడు ఈ ప్రాంతంలో పెద్ద జట్టు ఏదీ లేదు. ఉన్నదల్లా ఒక మైదానం, నేర్పేవాళ్లు, పరిగెత్తే కాళ్లు.

ఇది తోచిన తరవాత నేను ఒక పని చేశాను. చెప్పుకోదగినంత పెద్దది కాదు. ఆదివారం పొద్దున్నే మనవడితో మా పేట బడి మైదానానికి వెళ్లాను. ఇన్నాళ్లూ దాని పక్కనుంచే పాలకు పోతూ ఒక్కసారి కూడా ఆగి చూడలేదు. ఇరవైమంది పిల్లలు ఆడుతున్నారు. రెండు వైపులా చెప్పుల కుప్పలే గోలు స్తంభాలు. ఎర్రమట్టి నేల, గాలి సగం పోయిన బంతి. ఒకడు బట్టల దుకాణం ఆయన కొడుకు, ఒకడు కండక్టరు గారి అబ్బాయి, గోలు దగ్గర నిలబడ్డది మా వీధి చివరింటి అమ్మాయి. వాళ్లు మావాణ్ణి కూడా కలుపుకున్నారు. గట్టున నిలబడి చూసే అభిమానిని నేనొక్కణ్ణే. అరవై ఏళ్లు వచ్చాక మొదటిసారి, పట్టపగలు, గొంతు తగ్గించుకోకుండా అరిచాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. వాడి ఒంటినిండా మట్టి. బిగుతైపోయిన పసుపు చొక్కా చంక దగ్గర చిరిగింది.

"ఏమైందిరా?" అంది.

"ఓడినం ముత్తవ్వా! నాలుగు సున్న" అన్నాడు.

టెలివిజను ముందు కూర్చున్నప్పుడు వాడూ నేనూ ఎప్పుడూ "ఓడిండ్రు" అంటాం. "ఓడినం" అనడం ఇదే మొదటిసారి. వాడు గమనించలేదు. మా అమ్మ మాత్రం "మనోళ్లెవరు?" అని ఈసారి అడగలేదు. "కాళ్లు కడుక్కొనిరా, బువ్వ తిందువు" అని లోపలికి పోయింది.

వచ్చే ఆదివారం మళ్లీ ఆట ఉంది. బంతికి గాలి కొట్టించే పని నాకు అప్పజెప్పారు.