గొంతు ఉంది, పుస్తకమే పలకదు

ఈమధ్య ఒక తెలుగు పాఠ్యపుస్తకం పీడీఎఫ్‌ను కంప్యూటర్లో తెరిచి, కళ్లు మూసుకుని విందామని కూర్చున్నాను. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పేరు ఎన్‌వీడీఏ. పైసా ఖర్చు లేనిది. తెలుగు గొంతు పెట్టుకున్నాను. మొదటి పాఠం దగ్గరికి వచ్చి కింది బాణం మీట నొక్కగానే "సీ సెడిలా... గ్రేటర్ దాన్ ఆర్ ఈక్వల్..." అంటూ ఏవేవో గుర్తుల పేర్లు గబగబా దొర్లిపోయాయి. కళ్లు తెరిస్తే తెర మీద ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు. కంటితో చదివేవాడికి పాఠం, చెవితో చదివేవాడికి చిత్తుకాగితం.

వైకల్యం ఉన్న పిల్లల చదువుకు ఉచిత సాధనాలు బోలెడున్నాయని సభల్లో వింటుంటాం. అబద్ధం కాదు, ఉన్నాయి. అవి పిల్లల దాకా రాకుండా ఏ గడప దగ్గర ఆగిపోతున్నాయో చూడాలంటే మాత్రం సూరత్‌లోని తెలుగు బడి లాంటి చోటికి వెళ్లి నిలబడాలి.

సూరత్ నగర ప్రాథమిక శిక్షణ సమితి ఏడు మాధ్యమాల్లో బడులు నడుపుతుంది. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుతో పాటు అందులో తెలుగూ ఉంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి బతుకుదెరువుకు వెళ్లిన పద్మశాలీలు లింబాయత్, ఉధనా, పర్వత్ పాటియా ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడ్డారు. మగవాళ్లకు మరమగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు. ఆడవాళ్లలో చాలామందికి ఇంటి దగ్గరే చీరలకు చమ్కీలు, రాళ్లు అతికించే పని. ప్రపంచంలోని వజ్రాల్లో పదింట తొమ్మిది సానపట్టేది కూడా ఈ ఊళ్లోనే. చూపు మీదా వేళ్ల మీదా బతికే నగరం ఇది. అలాంటి ఊళ్లో, అలాంటి ఇంట్లో చూపు లేని పిల్ల పుడితే ఇంటివాళ్లకు ముందు దిగులు పట్టుకునేది చదువు గురించి కాదు, రేపు ఏ పని చేసి బతుకుతుందని. చదువే ఆ పని అవుతుందని చెప్పేవాళ్లు అరుదు. చెప్పినా నమ్మించడం కష్టం.

నమ్మించగల సాధనం మాత్రం ఉంది. చూపు లేని ఇద్దరు ఆస్ట్రేలియా కుర్రాళ్లు, మైకేల్ కరన్, జేమ్స్ టెహ్, చిన్నప్పుడు అంధ విద్యార్థుల సంగీత శిబిరంలో కలుసుకున్నారు. కంప్యూటర్‌ను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కొనాలంటే ఆ రోజుల్లో కంప్యూటర్ ఖరీదును మించి పెట్టాల్సి వచ్చేది. పేరున్న జాస్ ధర వెయ్యి డాలర్ల దగ్గర ఆడేది. చూపున్నవాళ్లకు ఊరికే వచ్చే తెరకు మేమెందుకు అంత కట్టాలని 2006లో కరన్ ఎన్‌వీడీఏ రాయడం మొదలుపెట్టాడు, టెహ్ తోడయ్యాడు. ఇప్పుడది 50కి పైగా భాషల్లో నడుస్తోంది. దాంతో వచ్చే ఈస్పీక్ అనే గొంతుకు తెలుగూ వచ్చు, గుజరాతీ వచ్చు. గొంతు కాస్త ఇనుపడబ్బాలోంచి వచ్చినట్టుంటుంది, వారం రోజుల్లో చెవికి అలవాటైపోతుంది. అన్నిటికన్నా పనికొచ్చే సంగతి, దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఏ కంప్యూటర్‌కైనా తగిలించి నడుపుకోవచ్చు. బడి ల్యాబ్‌లో ఇన్‌స్టాల్ చేసే అనుమతి కోసం ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు.

కంప్యూటర్ లేకపోతే ఫోను. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్ ముందే ఉంటుంది. చాలా ఫోన్లలో రెండు వాల్యూమ్ మీటలూ కలిపి మూడు సెకన్లు నొక్కిపడితే మేలుకుంటుంది. వేలితో కుడివైపు తోస్తే తెర మీద తర్వాతి అంశాన్ని చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుస్తుంది. ఇంతే విద్య. కానీ ఒక్క ఫోనున్న ఇంట్లో అది నాన్నతో పాటు షిఫ్టుకు వెళ్తుంది. పిల్ల చేతికి వచ్చేది రాత్రి తొమ్మిది తర్వాత, అదీ చార్జింగ్ మిగిలితే. బడి వాట్సాప్ గ్రూపులో హోంవర్క్ కాగితాన్ని ఫొటో తీసి పెట్టారనుకోండి, టాక్‌బ్యాక్ "ఫొటో" అని ఒక్క ముక్క పలికి ఊరుకుంటుంది. గూగుల్ లెన్స్‌తో ఆ ఫొటోలోంచి అక్షరాలు లాగొచ్చు. లాగొచ్చని ఆ పిల్లకు చెప్పే మనిషి కావాలి.

ఇప్పుడు మళ్లీ ఆ పీడీఎఫ్ దగ్గరికి వద్దాం, అసలు ముడి అక్కడుంది.

తెలుగు అచ్చురంగం రెండు మూడు దశాబ్దాలుగా అను ఫాంట్ల మీద నడుస్తోంది. ఆ ఫాంట్లలో అక్షరం తెలుగు అక్షరంగా నిల్వ ఉండదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. తలకట్టు ఒక గుర్తు, దాని కింద వత్తు ఇంకో గుర్తు. కాగితం మీద అచ్చయ్యాక తేడా ఎవరికీ తెలియదు. డీటీపీ ఆపరేటర్‌కు చేతివాటం కుదిరిన పద్ధతి అది, ఆయన్ని తప్పుపట్టడానికేమీ లేదు. చదివే యంత్రానికి మాత్రం కంప్యూటర్లో నిల్వ ఉన్నదే కనిపిస్తుంది, కనుక సెడిలాలే వినిపిస్తాయి. 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. వెబ్‌సైట్లు మారాయి, ఫోన్లు మారాయి, అచ్చుపుస్తకాల్లో ఎక్కువ భాగం మారలేదు. గుజరాతీకీ ఇదే జబ్బు, ఫాంట్ల పేర్లే వేరు.

దీనికి అడ్డదారి ఓసీఆర్. పేజీని ఫొటోగా చూసి అక్షరాలు గుర్తుపట్టే పద్ధతి. టెసరాక్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు తెలుగు వచ్చు. కథల పుస్తకం పేజీ అయితే ఫరవాలేదనిపిస్తుంది. గణితం పుస్తకంలో భిన్నాలు, పట్టికలు, బొమ్మ కింద చిన్న అక్షరాలు వచ్చేసరికి కలగాపులగం. అయిదో తరగతి పిల్ల తప్పునీ ఒప్పునీ తనే ఏరుకుంటూ లెక్క నేర్చుకోవాలన్నమాట.

చట్టం ఇక్కడ అడ్డు కాదని గట్టిగా చెప్పాలి. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలోకి వచ్చిన 52(1)(జడ్‌బీ) క్లాజు ప్రకారం వైకల్యం ఉన్నవారి కోసం పుస్తకాన్ని వాళ్లు చదవగల రూపంలోకి మార్చుకోవడం నేరం కాదు. ఇదే పనిని దేశాల సరిహద్దులు దాటించే మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికన్నా ముందు ఆమోదించింది భారతదేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం వచ్చింది, అచ్చు చదవలేని వైకల్యం ఉన్నవారికి సభ్యత్వం ఉచితం. అదే ఏడాది వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ ఇంకా సూటిగా, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్లు నిండేదాకా పుస్తకాలు, తగిన సహాయక పరికరాలు ఉచితంగా ఇవ్వాలంటుంది. పుస్తకాలు, పరికరాలు. ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. అమల్లో మాత్రం పరికరం పంపిణీ శిబిరంలో, పలకని పుస్తకం సంచిలో.

మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన, చూపు లేని బొల్లా శ్రీకాంత్ కథ మనవాళ్లందరికీ తెలుసు. పదో తరగతి తర్వాత సైన్సు చదవనివ్వకపోతే కోర్టుకెళ్లి గెలిచి, ఆపైన అమెరికాలో ఎంఐటీకి వెళ్లాడు. 2024లో సినిమా కూడా వచ్చింది. ఆ కథలో అందరికీ గుర్తుండేది కోర్టు. నాకు గుర్తుండేది వేరు. కోర్టు అనుమతి వచ్చాక కూడా పుస్తకాలు అతనికి పలకలేదు. ఒక ఉపాధ్యాయురాలు పూనుకుని పాఠాలన్నీ గొంతుతో రికార్డు చేయిస్తే అవి విని చదువుకున్నాడు. శ్రీకాంత్‌కు దొరికిన ఆ గొంతు అందరికీ దొరకదు.

సూరత్ పిల్లకు ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలంగాణ తెలుగు, వీధిలో హిందీ, ఊరి బోర్డుల మీద, కచేరీల్లో గుజరాతీ. కంటిచూపున్న పిల్లలు మూడు లిపులూ నేర్చుకోవాలి. అంధుల విషయంలో ఇది ఊహించని విధంగా తేలికవుతుంది. 1951లో ఖరారైన భారతీ బ్రెయిల్‌లో దాదాపు అన్ని భారతీయ భాషల్లోనూ ఒకే ధ్వనికి ఒకే చుక్కలు. తెలుగు 'క'కు ఒకటో చుక్క, మూడో చుక్క. గుజరాతీ 'క'కూ అవే, హిందీ 'క'కూ అవే. అంటే తెలుగు బ్రెయిల్ వేళ్లకు వచ్చిన పిల్ల గుజరాతీ బ్రెయిల్ పుస్తకం మీద చెయ్యి పెడితే అక్షరం కొత్తగా ఉండదు, మాటకు అర్థం తెలియాలంతే. చూపున్న అన్నయ్య బస్సు బోర్డు దగ్గర తడుముకుంటుంటే చెల్లి వేళ్లతో చదివేయగలదు, బోర్డు మీద బ్రెయిల్ అంటూ ఉంటే.

బధిర పిల్లలకు భాషా మాధ్యమం ఇంకా తక్కువ అడ్డు కావాలి. భారతీయ సంజ్ఞా భాష తెలుగూ కాదు, గుజరాతీ కాదు, దానికి దాని సొంత వ్యాకరణం ఉంది. కేంద్రం 2015లో నెలకొల్పిన సంజ్ఞా భాష పరిశోధన శిక్షణ కేంద్రం 2021 నాటికి నిఘంటువును 10 వేల పదాలకు తెచ్చింది, వీడియోలు ఎవరైనా ఊరికే చూడొచ్చు. 2024 డిసెంబరులో సంజ్ఞా భాష పాఠాలకు పీఎం ఈ-విద్య టీవీ చానళ్లలో 31వది మొదలైంది. మాటను అప్పటికప్పుడు అక్షరాలుగా చూపించే గూగుల్ లైవ్ ట్రాన్‌స్క్రైబ్ 2019 నుంచి ఉంది, తెలుగులోనూ పనిచేస్తుంది. అయితే మగ్గాల ఖానాకు ఆనుకున్న గదిలో ఆ యాప్ తెరిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఆ మోతలో పక్కనున్న మనిషి మాటే మనిషికి అందదు, ఫోనుకెలా అందుతుంది? చెవులు బాగున్నవాళ్లే ఆ మోతలో పనిచేసి పనిచేసి వినికిడి పోగొట్టుకుంటారు.

చదవడంలో తడబాటున్న పిల్లల గతి మరీ అన్యాయం. డిస్లెక్సియా ఉన్నవారికని చేసిన ఓపెన్‌డిస్లెక్సిక్ ఫాంటు ఊరికే దొరుకుతుంది, కానీ అది ఇంగ్లీషు అక్షరాలకు. గుణింతాలూ వత్తులూ ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కే మన లిపికి దానితో పనిలేదు. అక్షరం తిరగబడటం ఇంగ్లీషు పిల్లల సమస్య, వత్తు జారిపోవడం మన పిల్లల సమస్య. ఎడ్జ్ బ్రౌజర్లో వెబ్ పేజీని శ్రుతి, మోహన్ అనే తెలుగు గొంతులు చదివి వినిపిస్తాయి. చదివే మాటను వెంటవెంటనే రంగుతో గుర్తు చూపిస్తాయి కూడా. ప్రస్తుతానికి అదే చేతికందే ఉపాయం. అదీ యూనికోడ్ పేజీ అయితేనే.

యూనికోడ్ మాట వచ్చింది కనుక చెప్పాలి, తెలుగు వికీసోర్స్‌లో ఎవరో ఔత్సాహికులు గురజాడనూ వీరేశలింగాన్నీ ఓపిగ్గా యూనికోడ్‌లో ఎక్కిస్తున్నారు. సాహిత్యం బతకాలని వాళ్ల తాపత్రయం. తెలిసో తెలియకో అంధ విద్యార్థులకు గ్రంథాలయం కట్టిపెడుతున్నారు. ఈరోజు చూపు లేని తెలుగు పిల్లకు అయిదో తరగతి పరిసరాల విజ్ఞానం కన్నా కన్యాశుల్కం వినడం సులువు.

మరి డబ్బు సంగతి? కేంద్రం ఏడిప్ పథకంలో నెలకు 22,500 రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాలకు పరికరాలు పూర్తి ఉచితం, మరమగ్గాల కార్మికుల్లో చాలామంది ఆ గీత లోపలే ఉంటారు. సమగ్ర శిక్షా కింద ప్రత్యేక అవసరాలున్న ఒక్కో విద్యార్థికి ఏటా 3,500 రూపాయలు ఉంటాయి. కాగితాల బాధ వేరే. తెలంగాణలో పింఛను కోసం తీసిన సదరం పత్రం ఊళ్లో పెట్టెలో ఉంటుంది, సూరత్‌లో పరికరాల శిబిరంలో అడిగేది దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు. పండక్కి ఊరెళ్లినప్పుడు పని చూసుకుందామనుకుంటారు, పండగ అయిపోతుంది.

ఆ పద్దుల లెక్క చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. అన్నీ పిల్ల తలకు ఇంత అని రాసినవే. కర్ర ఒక పిల్లది, వినికిడి యంత్రం ఒక పిల్లది, ఫోను ఒక పిల్లది. ఇస్తున్నప్పుడు ఫొటో పడుతుంది, రిజిస్టర్‌లో సంతకం పడుతుంది. అయిదో తరగతి తెలుగు వాచకం యూనికోడ్ ఫైలు ఏ ఒక్క పిల్లదీ కాదు. ఒకసారి మారిస్తే ఏ ఊళ్లోనైనా అదే పుస్తకం చదివే పిల్లలందరికీ చాలుతుంది. అచ్చుకు వెళ్లిన ఆ ఫైలు ఎక్కడో ఒక డీటీపీ కంప్యూటర్లో ఉంది. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు కూడా ఊరికే దొరుకుతాయి. వత్తులు కొన్ని చెదురుతాయి కనుక మార్చాక పక్కన పుస్తకం పెట్టుకుని పోల్చి దిద్దాలి. బొమ్మ ఉన్నచోట బొమ్మలో ఏముందో రెండు వాక్యాలు రాయాలి. ఒక్కో పుస్తకానికి తెలుగు బాగా వచ్చిన ఒక మనిషి, కొద్ది వారాలు. ఆ మనిషి కూలీ ఏ పద్దు కింద రాసుకోవాలో చెప్పే గడి మాత్రం ఆ ఫారాల్లో లేదు.