కొనగలం సరే, అఫోర్డ్ చేయగలమా?

శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్న ఒక చెల్లెలు పోయిన వారం ఒక ప్రశ్న పంపింది. స్కాలర్‌షిప్ దరఖాస్తులో కుటుంబ పరిస్థితి గురించి నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో రాయాలట. మొదటి వాక్యం దగ్గరే అనుమానం వచ్చి ఆగిపోయింది. తను రాసుకున్నది ఇది: ‘మై ఫాదర్ డజ్ నాట్ అఫోర్డ్ మై ఫీజ్.’ “ఇది కరెక్టేనా అన్నయ్యా?” అని అడిగింది.

కరెక్టు కాదు. తప్పు చిన్నదే, ఒక్క మాట తక్కువైంది. కానీ ఆ ఒక్క మాటా వాళ్ల నాన్న గౌరవానికి సంబంధించింది. అందుకే ఈ వారం అఫోర్డ్ గురించే మాట్లాడుకుందాం.

ముందు అర్థం చూద్దాం. డిక్షనరీ తెరిస్తే ‘కొనగలుగు, భరించగలుగు, స్తోమత ఉండు’ అని కనబడుతుంది. ఇంగ్లీషులో ఒక్క క్రియతో అయిపోయే పనికి మన దగ్గర చాలా మాటలున్నాయి. స్తోమత లేదంటాం, తాహతుకు మించిందంటాం, తలకు మించిన భారమంటాం. పెళ్లి సంబంధాల దగ్గరైతే ‘వాళ్లతో మనం తూగలేం’ అంటాం. ఇవన్నీ బయటివాళ్లతో అనే మాటలు. ఇంట్లో అసలు ఇలా అనం. మా కళింగపట్నంలో పండక్కి చీర కొనుక్కోమంటే మా అమ్మ “నాకేటికిరా, ఉన్నవి చాల్లే” అనేది. వ్యాకరణం ఒప్పుకోకపోయినా, ‘వీ కాంట్ అఫోర్డ్ ఇట్’ అన్న వాక్యానికి చాలా ఇళ్లలో వినబడే తెలుగు అదే. లేదు అనడానికి బదులు వద్దు అంటాం.

ఇంగ్లీషులో అలా దాచడం కుదరదు. అక్కడ ఈ క్రియకి ఒక తోడు కావాలి. ఆ తోడే కెన్.

మొదటి సూత్రం: డబ్బు, సమయం, నష్టం లాంటివి భరించడం అనే అర్థంలో అఫోర్డ్ దాదాపు ఎప్పుడూ కెన్, కుడ్, బీ ఏబుల్ టు లాంటి వాటితోనే వస్తుంది. ‘మై ఫాదర్ కాంట్ అఫోర్డ్ మై ఫీజ్’ అంటే మా నాన్న నా ఫీజు కట్టే స్థితిలో లేరు అని. ‘డజ్ నాట్ అఫోర్డ్’ అన్నామనుకోండి, కెన్ పోయింది. కెన్‌తో పాటు ‘లేకపోవడం’ అనే అర్థం కూడా పోయింది. చదివేవాళ్లకి ‘ఆయన ఇవ్వడం లేదు’ అన్నట్టు వినబడవచ్చు. చేతకాకపోవడానికీ చేయకపోవడానికీ మధ్య ఎంత దూరం ఉందో, ఆ రెండు వాక్యాల మధ్యా అంత దూరం ఉంది.

ఇంకో కారణం కూడా ఉంది. అఫోర్డ్‌కి పుస్తకాల భాషలో రెండో అర్థం ఒకటుంది: ఇచ్చు, కలిగించు, సమకూర్చు. ‘ద హిల్ ఎట్ శాలిహుండం అఫోర్డ్స్ ఎ గుడ్ వ్యూ ఆఫ్ ద వంశధార’ అంటే శాలిహుండం కొండ మీద నుంచి వంశధార బాగా కనిపిస్తుంది అని. ఆ కొండ మీది బౌద్ధ స్తూపాలు చూడటానికి వెళ్లినవాళ్లకి ఈ వాక్యం విడమర్చి చెప్పక్కర్లేదు. మా ఊరి లైట్‌హౌస్ గురించి రాసినా అంతే, ‘ద లైట్‌హౌస్ అఫోర్డ్స్ ఎ వ్యూ ఆఫ్ ద సీ’. ఈ అర్థంలో కెన్ అక్కర్లేదు. కాబట్టి మనిషి గురించి కెన్ లేకుండా రాస్తే వాక్యం ఈ రెండో అర్థం వైపు ఒరిగిపోతుంది.

రెండో సూత్రం: అఫోర్డ్ తర్వాత నామవాచకమైనా రావాలి, టు కలిపిన క్రియైనా రావాలి. ‘ఐ కాంట్ అఫోర్డ్ ఎ కార్’ సరైనది. ‘ఐ కాంట్ అఫోర్డ్ టు బై ఎ కార్’ కూడా సరైనదే. ‘ఐ కాంట్ అఫోర్డ్ బయింగ్ ఎ కార్’ అనకండి. అలాగే ‘ఐ యామ్ నాట్ అఫోర్డింగ్’ కూడా వద్దు. తెలుగులో ‘భరించలేకపోతున్నాను’ అంటాం కాబట్టి ఇంగ్లీషులో ఇంగ్ పెట్టేయాలనిపిస్తుంది. ఈ క్రియ దానికి ఒప్పుకోదు.

పలకడంలో కూడా జాగ్రత్త. ఒత్తు రెండో అక్షరం మీద, ‘ఫోర్డ్’ దగ్గర పడాలి. మొదట్లో ఒత్తి పలికితే ‘ఆఫర్డ్’ అనిపిస్తుంది. దానర్థం ఇవ్వజూపారు అని. చివర్లో ట వినబడితే ‘ఎఫర్ట్’ అయిపోతుంది, అంటే ప్రయత్నం. ఇంటర్వ్యూలో ఈ మూడూ కలిసిపోతే ఎదుటివాళ్లు తికమకపడతారు.

ఇప్పుడు ధరల సంగతి. అఫోర్డబుల్ ప్రైస్ అంటే అందుబాటు ధర. దీన్ని గిట్టుబాటు ధర అని అనువదించేవాళ్లున్నారు. రెండూ ఒకటి కాదు. అందుబాటు ధర కొనేవాడి మాట, గిట్టుబాటు ధర అమ్మేవాడి మాట. మా తీరంలో చేపల గంప ముందు కూర్చున్న అమ్మ “ఆ రేటుకి గిట్టదు బాబూ” అంటే, అది కూడా అఫోర్డే, కాకపోతే రెండో వైపు నుంచి: ‘ఐ కాంట్ అఫోర్డ్ టు సెల్ ఎట్ దట్ ప్రైస్.’ బేరం ఆడే ఇద్దరూ ఇంగ్లీషులో ఒకే క్రియ వాడచ్చు.

డబ్బుతో సంబంధం లేని వాడుక కూడా ఉంది. నష్టాన్ని తట్టుకోలేం, ఆ తప్పు చేయడానికి వీల్లేదు అనే సందర్భాల్లో దీన్ని వాడతారు. మా ఊరి పేరు చాలామందికి తెలిసేది తుపాను వార్తల్లోనే. ‘కళింగపట్నానికి ఇన్ని కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతమై ఉంది’ అని చెబుతారు కదా, ఆ కళింగపట్నమే. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుపాను మా ఊరికి దగ్గర్లోనే తీరం దాటింది. అలాంటి ఊరివాళ్లు అనాల్సిన వాక్యం ఇది: ‘వీ కాంట్ అఫోర్డ్ టు ఇగ్నోర్ ద వార్నింగ్.’ హెచ్చరికను పట్టించుకోకపోతే ఆ ఫలితాన్ని తట్టుకోలేం అని అర్థం.

దీనికి తిరుగుడు రూపం మరొకటి ఉంది: ‘కాంట్ అఫోర్డ్ నాట్ టు.’ రెండు కాదులు కలిసి ‘చేయక తప్పదు’ అవుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. అది అయిపోగానే మొదటి రోజే పడవ దించాల్సిన జాలరి ‘ఐ కాంట్ అఫోర్డ్ నాట్ టు గో’ అంటాడు. వెళ్లకుండా ఉండే స్తోమత లేదు అని. మా శ్రీకాకుళం జిల్లా నుంచి గుజరాత్‌లోని వేరావల్ దాకా వేట పనికి వలస వెళ్లేవాళ్ల పరిస్థితిని ఇంత కచ్చితంగా చెప్పే వాక్యం ఇంగ్లీషులో ఇంకోటి నాకు దొరకలేదు.

ఈ మాట పుట్టుక కూడా తెలుసుకుంటే బాగుంటుంది. ఇందులో ఉన్నది ‘ఫోర్త్’. నాలుగో అనే ఫోర్త్ కాదు, ముందుకు అనే అర్థం ఉన్న పాత మాట. పాత ఇంగ్లీషులో దాని నుంచి వచ్చిన క్రియకి ముందుకు తీసుకెళ్లు, నెరవేర్చు అని అర్థం. తర్వాత ‘నెరవేర్చగల స్థితిలో ఉండు’ అయింది, ఆ తర్వాతే డబ్బు వచ్చి చేరింది. అంటే మొదట్లో ఇది జేబుకి సంబంధించిన మాట కాదు, ముందుకు వెళ్లగలమా లేదా అన్న మాట.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి దీని బంధువు ఇంకోటి రోజూ తగులుతుంది: అఫోర్డెన్స్. జేమ్స్ గిబ్సన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పుట్టించిన మాట ఇది. ఒక వస్తువు మనకి ఏ పనికి వీలు కల్పిస్తుందో అదే దాని అఫోర్డెన్స్. 1988లో డొనాల్డ్ నార్మన్ తన పుస్తకంతో దీన్ని డిజైన్ రంగంలోకి తెచ్చాడు. తలుపుకి పిడి ఉంటే లాగాలనిపిస్తుంది, చదునైన రేకుంటే తోయాలనిపిస్తుంది. ఫోన్‌లో బటన్ ఉబ్బెత్తుగా కనిపిస్తే నొక్కాలనిపిస్తుంది. ఇక్కడ ఉన్నది ఇందాకటి కొండ, లైట్‌హౌస్ అర్థమే.

చివరగా అసలు మాట. కొనగలగడం వేరు, అఫోర్డ్ చేయగలగడం వేరు. ఈ చిన్న సంభాషణ చూడండి.

తమ్ముడు: కెన్ వీ బై దిస్ బైక్, అక్కా? (అక్కా, మనం ఈ బైక్ కొనగలమా?)
అక్క: వీ కెన్ బై ఇట్. వీ కాంట్ అఫోర్డ్ ఇట్. (కొనగలం. కానీ భరించలేం.)

అప్పు చేస్తే ఎవరైనా కొనగలరు. కొన్న తర్వాత కూడా బియ్యం, మందులు, పిల్లల ఫీజు ఆగకుండా నడిస్తేనే అఫోర్డ్ చేసినట్టు. ప్రభుత్వ లెక్కల్లో కూడా ఈ మాట ఉంది. 2019 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ నిబంధనల ప్రకారం ధర 45 లక్షలు మించకుండా, కార్పెట్ ఏరియా మెట్రోల్లో 60, మిగతా చోట్ల 90 చదరపు మీటర్లు దాటకుండా ఉంటే అది అఫోర్డబుల్ ఇల్లు. అందులో 40 లక్షలు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకి అప్పు తీసుకుంటే నెలకి సుమారు 34,700 రూపాయలు కట్టాలి. మొత్తం 83 లక్షలు దాటుతుంది. పేరు అఫోర్డబులే. ఎవరికి అన్నది ఎవరి లెక్క వాళ్లు వేసుకోవాలి. బ్యాంకు మనల్ని ‘ఎలిజిబుల్’ అంటుంది, అంటే అర్హులు అని. అఫోర్డ్ చేయగలరా అన్న ప్రశ్నకి జవాబు మన ఇంటి ఖర్చుల పుస్తకమే చెప్పాలి.

ఈ వారం మీకు పని: మూడు వాక్యాలు రాయండి. ఒకటి డబ్బు గురించి, ఒకటి సమయం గురించి, ఒకటి ‘చేయక తప్పదు’ అనే అర్థంలో. మూడింటిలోనూ కెన్ ఉందో లేదో సరిచూసుకోండి. దరఖాస్తుల్లో ఇంటి పరిస్థితి రాయాల్సి వస్తే మాత్రం సిగ్గుపడకండి. ‘కాంట్ అఫోర్డ్’ అన్నది ఉన్న లెక్కని ఉన్నట్టు చెప్పే వాక్యం. అందులో ఎవరి తప్పూ లేదు.