దొంగలు పడ్డాక మొరిగితే ఏం లాభం?

ఇనప్పెట్టె తెరవడం చేతకాని దొంగ ఏం చేస్తాడు? పెట్టెను పెట్టెలాగే ఎత్తుకుపోతాడు. దాన్ని కోసే పనిముట్టు దొరికిన రోజున తీరిగ్గా తెరుచుకుంటాడు. ఇంటర్నెట్‌లో ప్రయాణిస్తున్న మన సమాచారానికి ఇప్పుడు పొంచి ఉన్న ముప్పు ఇదే. ఎన్‌క్రిప్షన్ తాళం వేసి పంపిన డేటాను ఇవాళ చదవలేకపోయినా నకలు తీసి దాచుకోవచ్చు, క్వాంటం కంప్యూటర్ చేతికందాక విప్పుకోవచ్చు. ఇనప్పెట్టె పోతే కనీసం దాని చోటు ఖాళీగా కనిపిస్తుంది. నకలు పోతే ఏదీ కనిపించదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మనకో సామెత ఉంది. ఈ దొంగతనం సంగతి ఆరు నెలలకు కాదు, పదేళ్లకు గానీ తెలియకపోవచ్చు.

ముందు తాళం సంగతి చూద్దాం. 1977లో రూపుదిద్దుకున్న ఆర్‌ఎస్‌ఏ పద్ధతి ఒక చిన్న చిక్కుముడి మీద నిలబడింది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం తేలిక, ఆ లబ్ధాన్ని చూసి వాటిని తిరిగి కనిపెట్టడం మహా కష్టం. 2048 బిట్ల తాళంలో ఆ లబ్ధానికి 617 అంకెలు ఉంటాయి. ఇప్పటి సూపర్ కంప్యూటర్లు దాని జోలికి పోలేవు. తగినంత పెద్ద క్వాంటం కంప్యూటర్ ఉంటే ఆ పని సులువేనని బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న పీటర్ షోర్ 1994లోనే కాగితం మీద నిరూపించాడు. అప్పుడు యంత్రం లేదు. ఇప్పుడు యంత్రాలున్నా, అంత పెద్దవి లేవు.

ఆ ధీమాతోనే లెక్క తప్పుతున్నాం. క్వాంటం కంప్యూటర్‌లో లెక్క కట్టే మూలకాలైన క్యూబిట్లు ఎన్ని వచ్చాయన్నదే అందరూ చూస్తున్నారు. అమరావతి క్వాంటం వ్యాలీకి తెస్తామని 2025 మేలో ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో కలిసి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన యంత్రంలోని ప్రాసెసర్‌ది 156 క్యూబిట్ల శక్తి. 2048 బిట్ల తాళం విరగ్గొట్టాలంటే ఎన్ని కావాలి? 2019లో క్రెయిగ్ గిడ్నీ, మార్టిన్ ఎకెరా వేసిన అంచనా 2 కోట్లు, పని 8 గంటలు. అదే గిడ్నీ 2025 మేలో మళ్లీ లెక్క కట్టి, 10 లక్షల లోపు క్యూబిట్లతో వారం లోపే పని పూర్తవుతుందని తేల్చాడు. ఆరేళ్లలో అవసరం ఇరవయ్యో వంతుకు పడిపోయింది.

యంత్రం వేగం గురించి గానీ, వెయ్యి చర్యలకు ఒక తప్పు అన్న అంచనా గురించి గానీ రెండు లెక్కల్లోనూ మార్పు లేదు. అంకెను కుదించింది కూర్చుని చేసిన మేధోశ్రమ. గుణకారాలను ఉజ్జాయింపుగా చేసినా ఫలితం చెడని దారి పట్టుకున్నారు, పని లేకుండా ఎదురుచూసే క్యూబిట్లను ఒత్తుగా సర్దారు, దోషాలు దిద్దే పద్ధతిని చౌక చేశారు. భౌతికశాస్త్రంలో పీజీలు, పీహెచ్‌డీలు చేసి ఈ రంగంలోకి వచ్చినవారిలో చాలామంది పని ఇదే. మైనస్ 273 డిగ్రీల అంచున ఉండే శీతల యంత్రం పక్కన గడిపే గంటల కన్నా, పైథాన్ తెర ముందు సర్క్యూట్లు కుదిస్తూ, దోషాలను పసిగట్టే సాఫ్ట్‌వేర్ రాస్తూ గడిపే గంటలే వాళ్లకు ఎక్కువ. ఆ పనిముట్లు రహస్యమూ కావు. ఐబీఎం తన కిస్కిట్ సాఫ్ట్‌వేర్‌ను 2017 నుంచే అందరికీ తెరిచి ఉంచింది. మన కంటికి ఆనేది యంత్రం. మన గడువును తరుగుతున్నది కోడు.

యంత్రం కూడా ఆగిపోలేదు. 2024 డిసెంబరులో గూగుల్ తన 105 క్యూబిట్ల విల్లో చిప్ ఫలితాలు వెల్లడించింది. దోష సవరణ వలను పెంచిన కొద్దీ తప్పులు మెట్టుమెట్టుకూ సగానికి పైగా తగ్గాయి. ఎక్కువ క్యూబిట్లు చేర్చితే ఎక్కువ తప్పులు చేరతాయన్న పాత భయానికి అది గట్టి జవాబు.

అలాగని రేపు పొద్దున బ్యాంకు ఖాతాలు ఖాళీ అవుతాయని గగ్గోలు పెట్టడం తప్పు. 2024 అక్టోబరులో చైనా పరిశోధకులు సైనిక స్థాయి తాళాన్ని విరగ్గొట్టేశారని వార్తలు హోరెత్తాయి. వాళ్లు విప్పింది 22 బిట్ల సంఖ్యను. మన జేబులో ఫోను ఆ పని కంటిరెప్ప వేసేలోగా చేస్తుంది. ఇలాంటి ‘నాన్నా పులి’ కేకలు పదిసార్లు వింటే, పులి నిజంగా వచ్చిన రోజున ఎవరూ కదలరు.

కాబట్టి అడగవలసిన ప్రశ్న ఒకటే: ఏ రహస్యానికి ఆయుష్షు ఎంత? ఓటీపీ ఆయుష్షు కొన్ని నిమిషాలు. పిన్ పోతే మార్చుకుంటాం. వేలిముద్ర ఆయుష్షు మనిషి ఆయుష్షంత, అది పోతే మరొకటి రాదు. ఆధార్ జారీ చేసే సంస్థ ఉడాయ్ ప్రచురించిన ధ్రువీకరణ సాంకేతిక నిబంధనల్లో వేలిముద్ర సమాచారానికి 256 బిట్ల ఏఈఎస్ తాళం వేస్తారు. దానికి క్వాంటం బెడద పెద్దగా లేదు. ఆ తాళంచెవిని మాత్రం 2048 బిట్ల పబ్లిక్ కీతో మూసి పంపుతారు. బలహీనత అక్కడుంది. దాన్ని ఎవరైనా దోచారని మేం అనడం లేదు. వైద్య రికార్డులు, జన్యు పరీక్షలు, రక్షణ పత్రాలు కూడా ఇలా దీర్ఘాయుష్షు ఉన్నవే. డిజిటల్ సంతకాలదీ ఇదే గతి. తాళం విరిగిన రోజున పాత తేదీతో దొంగ సంతకం పెట్టగలిగితే ఏ దస్తావేజును నమ్మాలి?

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మిషెల్ మోస్కా దీన్ని మూడు అంకెల్లో చెప్పాడు. రహస్యం ఎన్నేళ్లు నిలవాలి, కొత్త తాళాలకు మారడానికి ఎన్నేళ్లు పడుతుంది, క్వాంటం యంత్రం రావడానికి ఎన్నేళ్లు? మొదటి రెండింటి మొత్తం మూడోదాన్ని దాటితే ఇప్పటికే ఆలస్యమైనట్టు. రెండో అంకెను తక్కువ అంచనా వేయొద్దు. షా-1 అనే పద్ధతి బలహీనమని 2005లో తేలితే, దాన్ని పూర్తిగా వదిలించుకోవడానికి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పెట్టిన గడువు 2030 డిసెంబరు.

మందు సిద్ధంగానే ఉంది. 2016లో మొదలైన వడపోత తర్వాత నిస్ట్ 2024 ఆగస్టులో మూడు కొత్త ప్రమాణాలు ప్రకటించింది. తాళంచెవుల మార్పిడికి ఎంఎల్-కెమ్, సంతకాలకు ఎంఎల్-డీఎస్‌ఏ, ఎస్‌ఎల్‌హెచ్-డీఎస్‌ఏ. వీటికి కొత్త యంత్రం అక్కర్లేదు, ఇప్పటి ఫోన్లలోనే నడుస్తాయి. సిగ్నల్ 2023లో, యాపిల్ ఐమెసేజ్, గూగుల్ క్రోమ్ 2024లో ఈ దారి పట్టాయి. పాఠకులు చేయగలిగింది చిన్నదే, తప్పనిసరైనది: ఫోను, బ్రౌజర్ అప్‌డేట్లు వాయిదా వేయొద్దు.

అసలు బరువు ప్రభుత్వాలది, బ్యాంకులది, ఆసుపత్రులది. ఎక్కడ ఏ తాళం వాడుతున్నారో ముందు జాబితా రాయాలి. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2025 జులై మార్గదర్శకాల్లో చెప్పింది ఇదే. బ్రిటన్ 2028 నాటికి జాబితా, 2031 నాటికి ముఖ్యమైన మార్పులు, 2035 నాటికి మొత్తం మార్పు అని గడువులు పెట్టుకుంది. అలాంటి తేదీలు మన ప్రతి శాఖ గోడ మీదా ఉండాలి. ఇకపై కొనే ప్రతి సాఫ్ట్‌వేర్ టెండరులో కొత్త ప్రమాణాల షరతు ఉండాలి. క్వాంటం వ్యాలీ కడుతున్న రాష్ట్రం ముందుగా తన సొంత సర్వర్ల తాళాలు సరిచూసుకోవాలి. ఐటీకి పేరుపడ్డ తెలంగాణకూ ఇదే మాట.

తొందరలో నాటు మందులు మింగొద్దు. నిస్ట్ వడపోతలో చివరి దశల దాకా వచ్చిన సైక్ అనే పద్ధతిని 2022లో ఇద్దరు పరిశోధకులు ఒక మామూలు ప్రాసెసర్ కోర్‌తో గంట సేపట్లో ఛేదించారు. అందుకే పాత తాళం తీసేయకుండా దాని మీద కొత్త తాళం కూడా వేయడం మేలు. ‘క్వాంటం సేఫ్’ బోర్డు పెట్టుకుని వచ్చేవాళ్లను ఏ ప్రమాణమో పేరు చెప్పమని అడగాలి. తడుముకుంటే సాగనంపాలి.

ఇప్పటికే నకలు తీసిన పెట్టెకు కొత్త తాళం వేయడం ఎవరి తరమూ కాదు. ఇక ముందు పంపే పెట్టెలకే వేయగలం. వచ్చే బడ్జెట్లో చూద్దామని ఫైలు పక్కన పెట్టిన ప్రతి రోజూ, పాత తాళంతో మరికొన్ని పెట్టెలు ఇల్లు దాటి పోతూనే ఉంటాయి.